పదవి ఏడాదే... పాఠం ముందే!

సేవా క్లబ్బుల సారథులకు జులైకి ముందే శిక్షణ
బదిలీల ఊళ్లలో అప్పగింతలే అసలు పరీక్ష

దోణిమలై (సండూరు): మెడలో కాలర్ పడుతుంది. చేతికి చిన్న చెక్క సుత్తి వస్తుంది. పూలదండలు, శాలువాలు, ఫొటోలు... ఆపైన భోజనాలు. అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. తెల్లారాక కొత్త అధ్యక్షుడి ముందు, కొత్త కార్యదర్శి ముందు మిగిలేది ఓ చేతిసంచి. అందులో మినిట్స్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు, రసీదుల అడుగు ప్రతులు, సభ్యుల జాబితా ఉంటే వాళ్లు అదృష్టవంతులే. లేకపోతే మొదటి మూడు నెలలూ పాత కార్యదర్శి ఫోను చుట్టూ తిరగడానికే సరిపోతాయి. ఇంతలో ఆయనకు బదిలీ అయిందో... ఇక ఏడాది గోవిందా!

రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బులు ఏటా తమ పదాధికారులకు నాయకత్వ శిక్షణ ఎందుకిస్తాయో ఈ ఒక్క సంచి చూస్తే తెలిసిపోతుంది. బయటివాళ్లకు శిక్షణ అనగానే వేదిక, మైకు, ఉపన్యాసం గుర్తొస్తాయి. లోపల జరగాల్సింది వేరు. జీతం లేని పనిని, జీతగాళ్లు కాని మనుషులతో, సరిగ్గా 12 నెలల్లో చేయించడం ఎలాగన్నదే అక్కడి పాఠం. ఆఫీసులో పై అధికారి మెమో ఇవ్వగలడు. క్లబ్బు అధ్యక్షుడు ఎవరికిస్తాడు మెమో? ‘రేపు శిబిరానికి రాలేను సార్, ఇంట్లో పని ఉంది’ అని సభ్యుడు చెబితే, సరే అనడం తప్ప ఆయన చేతిలో ఏముంటుంది?

అందునా దోణిమలై లాంటి ఊరి సంగతి మరీ ప్రత్యేకం.

* గని ఊరు... బదిలీల ఊరు

సండూరు కొండల్లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎండీసీ) 1977లో దోణిమలై ఇనుప ఖనిజ గనిని ప్రారంభించింది. గనితో పాటు ఉద్యోగుల కాలనీ, బడి, ఆసుపత్రి వచ్చాయి. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉండటం, ఆంధ్ర సరిహద్దు చేరువలోనే ఉండటంతో తెలుగు మాట ఇక్కడ కొత్త కాదు. కన్నడం, తెలుగు, హిందీ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇలాంటి చోట ఏ సంఘం పెట్టినా మనుషులకు కొదవ ఉండదు. చిక్కల్లా ఆ మనుషులు ఎంతకాలం ఉంటారన్నదే.

ఎన్‌ఎండీసీకి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ప్రాంతంలో కిరండూల్, బచేలి గనులున్నాయి. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో వజ్రాల గని ఉంది. అధికారి స్థాయి ఉద్యోగికి బదిలీ ఉత్తర్వు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. బ్యాంకు మేనేజరు, ఉపాధ్యాయుడు, డాక్టరు... టౌన్‌షిప్పుల్లో సేవా క్లబ్బుకు వెన్నెముకగా ఉండేది సాధారణంగా వీళ్లే. వీళ్లంతా కూడా బదిలీల మనుషులే. అధ్యక్షుడు ఒక రాష్ట్రానికి, కోశాధికారి మరో రాష్ట్రానికి ఒకే నెలలో వెళ్లిపోతే క్లబ్బు గతేంటి? బళ్లారి నగరంలో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న కుటుంబాలున్న క్లబ్బుకు ఈ బెంగ ఉండదు. అక్కడ పాత అధ్యక్షులంతా ఊళ్లోనే ఉంటారు (అది ఇంకో రకం తలనొప్పి అనుకోండి. ప్రతి సమావేశంలోనూ ‘మా కాలంలో...’ అని మొదలుపెడతారు).

దానికి తోడు గని కష్టసుఖాలు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజ తవ్వకాలను నిలిపేసినప్పుడు ఎన్‌ఎండీసీకి మాత్రం పరిమితంగా అనుమతి దక్కింది. 2018 నవంబరులో ఆ వంతు దోణిమలైకే వచ్చింది. లీజు పొడిగింపునకు రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ప్రీమియం షరతుపై వివాదం రేగి, ఇక్కడి గనిలో పని ఆగింది. మళ్లీ తవ్వకం మొదలయ్యేసరికి 2021 ఫిబ్రవరి. రెండేళ్లకు పైమాటే. గని ఆగితే లారీ ఆగుతుంది, లారీ ఆగితే హోటలు ఆగుతుంది. చందా రాసే చెయ్యీ వెనక్కి పోతుంది. సాయం అవసరమయ్యే ఇళ్లు పెరిగేదీ సరిగ్గా అప్పుడే. అలాంటి ఏడాది కుర్చీలో కూర్చున్నవాడికి ఉపన్యాసకళ ఏం అక్కరకొస్తుంది? ఉన్న పదివేలు ఎక్కడ పెట్టాలో, ఏ పని వదులుకోవాలో తెలియాలి.

* గని ఇంజినీరు గదిలో మొదలైంది

రోటరీ పుట్టుకకూ గనులకూ ఓ చిన్న సంబంధం ఉంది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో న్యాయవాది పాల్ హారిస్ మరో ముగ్గురితో కలిసి మొదటి సమావేశం పెట్టింది గస్టావస్ లోర్ అనే గని ఇంజినీరు ఆఫీసు గదిలోనే. మిగతా ఇద్దరిలో ఒకరు బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీల్, మరొకరు దర్జీ హైరమ్ షోరే. ఒక్కోసారి ఒక్కో సభ్యుడి ఆఫీసులో వంతులవారీగా కలుసుకునేవారు కాబట్టి దానికి రోటరీ అని పేరు పడింది. ఇంకో విశేషం... స్థాపకుడు పాల్ హారిస్ మొదటి అధ్యక్షుడు కాలేదు. ఆ కుర్చీ బొగ్గు వ్యాపారికి దక్కింది. హారిస్ వంతు 1907లో గానీ రాలేదు. పెట్టినవాడే పట్టుకు కూర్చోకూడదన్న సంగతి అలా మొదట్లోనే స్థిరపడిపోయింది. మన దేశానికి 1920లో కలకత్తా క్లబ్బుతో రోటరీ వచ్చింది. మెల్విన్ జోన్స్ చొరవతో 1917లో అదే షికాగోలో రూపుదిద్దుకున్న లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టింది.

రెండింటిలోనూ పదవీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. జేసీల (జేసీఐ) లెక్క మాత్రం జనవరి నుంచి డిసెంబరు వరకు. 18 నుంచి 40 ఏళ్ల మధ్యవారికే అక్కడ చోటు. నాయకత్వ శిక్షణే తమ ప్రధాన కార్యక్రమమని చెప్పుకునే సంస్థ అది.

ఏడాది పదవి మంచిదా చెడ్డదా అన్న చర్చ క్లబ్బుల్లో ఎప్పుడూ ఉండేదే. ఏడాదిలో ఏం నేర్చుకుంటారు, ఏం చేస్తారు అనేది ఒక వాదన. ఏడాది కాబట్టే ఎవరికీ పట్టు చిక్కదు, ముఠాలు ముదరవు అనేది రెండో వాదన. మన ఊళ్లలో కొన్ని సంఘాలకు ఇరవై ఏళ్లుగా ఒక్కరే అధ్యక్షుడిగా ఉండటం చూసినవాళ్లు రెండో వాదనకే ఓటేస్తారు. కాకపోతే ఏడాది పదవికి ఒక మూల్యం చెల్లించాలి. నేర్చుకోవడమంతా పదవికి ముందే అయిపోవాలి.

* రాకపోతే కుర్చీ లేదు

రోటరీలో ఈ నియమం గట్టిగా ఉంది. అధ్యక్షుడు కాబోయే వ్యక్తిని బాధ్యత తీసుకోవడానికి కనీసం 18 నెలల ముందే ఎన్నుకోవాలి. తర్వాత ఆయన కాబోయే అధ్యక్షుల శిక్షణ సదస్సుకు తప్పనిసరిగా వెళ్లాలి. ‘పెట్స్’ అని క్లబ్బుల్లో అందరి నోటా నానిన పేరు అదే. దాన్ని మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెడతారు. ఆ తర్వాత కార్యదర్శులు, కోశాధికారులు, కమిటీల బాధ్యులు అందరికీ కలిపి జిల్లాస్థాయి శిక్షణ సభ ఉంటుంది. కాబోయే గవర్నరు మినహాయింపు ఇస్తే తప్ప, ఈ రెండింటికీ రాని వ్యక్తి అధ్యక్షుడు కావడానికి వీల్లేదని క్లబ్బు నియమావళే చెబుతోంది. మినహాయింపు దొరికినా తన బదులు ఒక ప్రతినిధిని పంపాలి. ఆ ప్రతినిధి తిరిగొచ్చి విన్నదంతా ఆయనకు అప్పజెప్పాలి. గవర్నరుకూ తప్పదు. ఆయన ప్రపంచంలోని మిగతా కాబోయే గవర్నర్లతో కలిసి అంతర్జాతీయ సభలో ముందుగా కూర్చుని రావాల్సిందే. ఇటీవల ఈ కార్యక్రమాల పేర్లలో ‘ట్రైనింగ్’ తీసేసి ‘లెర్నింగ్’ చేర్చారు. పేరు మారినా బెంచీ మారలేదు.

18 నెలల ముందు ఎన్నిక అన్నది దోణిమలై లాంటి చోట ఎంత కష్టమో లెక్క వేసుకోండి. ఈ డిసెంబరులో ఎన్నుకున్న మనిషి కుర్చీ ఎక్కేది ఎల్లుండేడాది జులైలో. ఈలోగా ఒక బదిలీల కాలం దాటిపోతుంది, కొందరికి రెండు. అందుకే టౌన్‌షిప్పు క్లబ్బులు ఎంచుకునేటప్పుడు ఒక్క మనిషిని కాకుండా వరసను చూడాలి. అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు, ఆ వెనకాల మరొకరు. శిక్షణకు ఒక్కరినే పంపి ఊరుకోకుండా వీలైతే ఇద్దరు ముగ్గుర్ని పంపాలి. రానూపోనూ చార్జీలు, రిజిస్ట్రేషన్ రుసుము అదనమే. క్లబ్బు మూతపడటం కంటే అది చవక.

సరిహద్దు పాఠకులకు ఇక్కడ తెలియాల్సిన సంగతి మరొకటుంది. రోటరీ లెక్కలో ‘జిల్లా’ అంటే కలెక్టరేటు ఉన్న జిల్లా కాదు. 3160వ రోటరీ జిల్లాలో బళ్లారి, రాయచూరు క్లబ్బులతో పాటు అనంతపురం, కర్నూలు క్లబ్బులూ ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకిచ్చారు. మిగతాది మైసూరుకు వెళ్లింది. రాష్ట్రాలు గీసుకున్న ఆ గీతను ఈ శిక్షణ సభలు పట్టించుకోవు. ఒక ఏడాది గవర్నరు తెలుగు గడ్డ నుంచి వస్తే, మరో ఏడాది కన్నడ నేల నుంచి రావచ్చు. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు కార్యదర్శుల్లో ఒకరు ఆంధ్ర ఆసుపత్రి గురించి, మరొకరు కర్ణాటక పథకం గురించి మాట్లాడుకోవడం అక్కడ మామూలే.

నిజానికి సంఘం పెట్టి నడపడం బళ్లారికి ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. 19వ శతాబ్దంలోనే ఇక్కడి న్యాయవాదులు ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమా సభను నడిపి తెలుగు నాటకానికి ప్రాణం పోశారు. బళ్లారి రాఘవ వికసించింది ఆ వాతావరణంలోనే. పగలు కోర్టు, సాయంత్రం సభ. ఉద్యోగం వేరు, ఊరి పని వేరు అనుకోని మనుషుల కాలమది.

* కార్యదర్శి... కనిపించని స్తంభం

క్లబ్బులో ఫొటో అధ్యక్షుడిది, పని కార్యదర్శిది. సభ్యుల వివరాలు ఎప్పటికప్పుడు సరిచేయడం, సమావేశాల నోటీసులు, హాజరు, మినిట్స్, పై సంస్థకు నివేదికలు అన్నీ ఆయన నెత్తినే. రోటరీ క్లబ్బుకు ఏడాదికి రెండుసార్లు, జులైలోనూ జనవరిలోనూ, సభ్యుల సంఖ్యను బట్టి బిల్లు వస్తుంది. ఊరొదిలి వెళ్లిపోయిన ఐదుగురి పేర్లు జూన్‌లోపు తీసేయకపోతే ఆ ఐదుగురి రుసుమూ క్లబ్బే కట్టాలి. బకాయి పడి కట్టకపోతే క్లబ్బు గుర్తింపే పోతుంది. బదిలీల ఊళ్లో ఇది పుస్తకంలో మాట కాదు, జేబులో మాట. శిక్షణలో కార్యదర్శికి మొట్టమొదట చెప్పాల్సింది ఇదే. రోటరీ చరిత్ర ఎవరైనా తర్వాత చెబుతారు.

షిఫ్టుల గొడవ ఇంకోటి. గనిలో పనిచేసేవారికి ప్రతి మంగళవారం సాయంత్రం ఏడింటికి రమ్మంటే ఎలా? ఒకప్పుడు వారం వారం సమావేశం, హాజరు శాతం అంటూ నియమాలు బిగుసుకుని ఉండేవి. 2016లో రోటరీ శాసన మండలి వాటిని సడలించింది. నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలు, హాజరు నియమాలను క్లబ్బులు తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు అంది. ఈ వెసులుబాటును వాడుకోవాలంటే క్లబ్బు ఉపనియమాల్లో రాసుకోవాలి. రాసుకోవాలంటే అలాంటిదొకటి ఉందని కార్యదర్శికి తెలియాలి. ఇది తెలియకనే చాలాచోట్ల పాత నియమాన్ని పట్టుకుని షిఫ్టు ఉద్యోగులను పోగొట్టుకున్నారు.

* డబ్బు దగ్గర మొహమాటం వద్దు

శిక్షణల్లో అందరూ తొందరగా దాటేసే పాఠం, అందరికంటే ముందు క్లబ్బుల్ని ముంచే పాఠం... లెక్కలు. ‘మనవాళ్లే కదా’ అన్న మొహమాటంతోనే గొడవ మొదలవుతుంది. రసీదు ఇవ్వకుండా తీసుకున్న ఐదువందలు, బిల్లు లేకుండా ఇచ్చిన టెంటు అద్దె, కోశాధికారి సొంత ఖాతాలో ‘తాత్కాలికంగా’ ఉంచిన చందా. దొంగతనం ఎవరూ చేయకపోవచ్చు. కానీ నిరూపించేదెలా? మంచివాడిమీద మచ్చ పడ్డాక ఆ క్లబ్బులో కోశాధికారిగా ఉండటానికి ఇంకెవరూ ముందుకు రారు.

లయన్స్‌లో ఓ చక్కటి పద్ధతి ఉంది. పాలనా ఖాతా వేరు, సేవా ఖాతా వేరు. సభ్యుల చందాలతో క్లబ్బు ఖర్చులు నడవాలి. జనం దగ్గర వసూలు చేసింది జనానికే పోవాలి. కంటి శిబిరం పేరుతో వచ్చిన సొమ్ములో నుంచి సభ్యుల విందు భోజనం బిల్లు కట్టడానికి లేదు. వినడానికి చిన్నదే. పాటిస్తే సగం తగాదాలు పుట్టవు.

రోటరీ ఫౌండేషన్ గ్రాంటు కావాలంటే మరికొంత కట్టుదిట్టం. క్లబ్బు నుంచి ఎవరో ఒకరు గ్రాంటు నిర్వహణ సదస్సుకు హాజరై ఉండాలి. అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలి. కాగితాలను కనీసం ఐదేళ్లు దాచాలి. ఐదేళ్లంటే ఐదుగురు కార్యదర్శులు! టౌన్‌షిప్పులో ఆ ఐదుగురిలో నలుగురు ఐదో ఏడాదికి ఊళ్లో ఉండకపోవచ్చు. ఫైలు మనిషి ఇంట్లో కాకుండా క్లబ్బు బీరువాలో ఉండాలన్నది అందుకే. ఇప్పుడైతే ఫోనులో ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర దాచుకోవడం కష్టమేం కాదు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల సంగతి కూడా పాఠంలో చేరాల్సిందే. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. సండూరు, తోరణగల్లు ప్రాంతంలో గనులు, ఉక్కు కర్మాగారాలు పక్కపక్కనే. చేయి చాచడానికి దూరం పోనక్కర్లేదు. కానీ ‘సార్, మాకు ఏదైనా సాయం చేయండి’ అన్న ఒక్క వాక్యం అర్జీతో ఏ కంపెనీ కదలదు. ఎవరికి, ఎంతమందికి, ఎంత ఖర్చుతో, ఎప్పటిలోగా, ఆ తర్వాత దాన్ని చూసుకునేదెవరు... ఈ ప్రశ్నలన్నిటికీ రెండు పేజీల్లో జవాబు ఉండాలి. బడికి నీటిశుద్ధి యంత్రం పెట్టించి, ఫిల్టరు మార్చేదెవరో తేల్చకపోతే ఆరు నెలలకు అది బూజు పట్టిన డబ్బా అవుతుంది. అలాంటివి ఏ తాలూకాలో లేవు?

* ఇదిగో ఓ లెక్క... చేయండి

సరిహద్దు ఊళ్ల క్లబ్బులకు శిక్షణలో ఇలాంటి లెక్క ఒకటి ఇస్తే బాగుంటుంది. జూన్ 20న కోశాధికారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆయన 27న వెళ్లిపోతున్నారు. జులై 10న కంటి శిబిరం ఖాయమైంది. పరీక్షలు ఊళ్లో, ఆపరేషన్లు ఆసుపత్రిలో. రోగులను తీసుకెళ్లడానికి బస్సు మాట్లాడారు. డ్రైవరుకు అడ్వాన్సు చెక్కు కావాలి. ఖాతాలో డబ్బుంది. సంతకాలు మాత్రం పాత అధ్యక్షుడివి, వెళ్లిపోయే కోశాధికారివి. ఏం చేస్తారు?

ఎక్కువమంది చెప్పే జవాబు ‘వెళ్లేముందు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుంటాం’ అని. అదే తప్పు. ప్రమాదకరం కూడా. రెండో జవాబు ‘అధ్యక్షుడు సొంత డబ్బు పెడతాడు, తర్వాత చూద్దాం’. ఇది ఇంకా అలవాటైన తప్పు. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాదు, వచ్చేసరికి బిల్లులుండవు. అసలు పని జూన్ 20 కంటే ముందే మొదలవ్వాలి. కొత్త కార్యవర్గం పేర్లు తెలిసినవే కాబట్టి సంతకాల మార్పు తీర్మానాన్ని జూన్ మొదటి సమావేశంలోనే చేసి, మినిట్స్‌లో రాసి, దాని నకలు, కొత్తవారి గుర్తింపు కాగితాలు బ్యాంకుకు ఇచ్చేయాలి. ఇద్దరి పేర్లే కాకుండా ముగ్గురి పేర్లు పెట్టి, వారిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా రాసుకుంటే ఒకరు హఠాత్తుగా వెళ్లినా బండి ఆగదు. శిబిరానికొచ్చే ముసలమ్మకు ఈ తీర్మానం సంగతి తెలియదు. బస్సు రాకపోతే మాత్రం ఆవిడకే తెలుస్తుంది.

* ఇంగ్లిష్ పుస్తకం, తెలుగు మనిషి

శిక్షణ సభల్లో చాలామంది నోరు విప్పకపోవడానికి కారణం తెలివి లేక కాదు, భాష. పుస్తకాలు ఇంగ్లిష్‌లో, తెరమీద అక్షరాలు ఇంగ్లిష్‌లో, వేదికమీద మాట ఇంగ్లిష్‌లో. రెండు రాష్ట్రాలవాళ్లు కలిసే చోట అందరికీ ఉమ్మడిగా ఉన్నది అదే కాబట్టి తప్పదంటారు నిర్వాహకులు. అందులో కొంత నిజం ఉంది. కానీ మధ్యాహ్నం బృందాలుగా కూర్చున్నప్పుడు తెలుగు బల్ల, కన్నడ బల్ల వేరువేరుగా వేస్తే వచ్చే నష్టమేంటి? కిరాణా కొట్టు నడిపే కోశాధికారికి ఆడిట్ గురించి తెలుగులో అడగనిస్తే, చార్టర్డ్ అకౌంటెంటే ఆలోచనలో పడే ప్రశ్న వేస్తాడు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. శిక్షణ రోజులో సగం పూట సన్మానాలకే పోతోందన్నది బహిరంగ రహస్యం. వేదికమీద పదిహేనుమంది, పరిచయాలకు గంట, జ్ఞాపికలకు అరగంట. లెక్కల పాఠం వచ్చేసరికి భోజనం వేళ. నిద్రమత్తులో సగం హాలు. బయటకొచ్చాక గుర్తుండేది స్వీటు పేరే. పిలిచినవారికి మర్యాద చేయాలి కాదనరు. ఆ మర్యాద సాయంత్రం పెట్టుకోవచ్చుగా?

రోటరీ వాళ్లకు నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటి ఉంది. 1932లో దివాలా అంచున ఉన్న ఓ అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ రాసుకున్నది. అనబోయేది నిజమేనా, అందరికీ న్యాయమేనా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలేనా అన్నది దాని సారం. 1943లో రోటరీ దాన్ని తనదిగా చేసుకుంది. క్లబ్బుల్లో బృందగానంలా చదివేస్తుంటారు. శిక్షణలో చదవడం మానేసి వాడి చూపిస్తే బాగుంటుంది. టెంటువాడు తెల్ల కాగితం మీద బిల్లిస్తే మొదటి ప్రశ్న వేసి చూడండి. రెండో ప్రశ్న దాకా పోనక్కర్లేదు.

* ఆమెకూ కుర్చీ

మహిళలకు రోటరీ తలుపులు తెరుచుకున్నది 1989లో. అదీ ఊరికే కాదు. కాలిఫోర్నియాలోని డ్వార్టీ క్లబ్బు స్త్రీలను చేర్చుకుందని 1978లో దాని గుర్తింపు రద్దు చేశారు. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా నడిచి 1987లో తీర్పు మహిళలవైపు వచ్చింది. లయన్స్ అదే 1987లో దారిచ్చింది. 2022 జులైలో జెనిఫర్ జోన్స్ రోటరీకి తొలి మహిళా ప్రపంచ అధ్యక్షురాలయ్యారు. 1924లో మాంచెస్టర్‌లో మొదలైన ఇన్నర్‌వీల్ అంతకుముందు నుంచే మహిళల వేదిక.

టౌన్‌షిప్పుల్లో ఒక వింత ఉంది. ఇంటి లెక్క, చీటీల లెక్క, గుడి అన్నదానం లెక్క పైసాతో సహా చూసుకునేది ఇంటావిడ. క్లబ్బులో కోశాధికారి పదవి వచ్చేసరికి ఆయన పేరు రాస్తారు. శిక్షణకు ఎవర్ని పంపాలో తేల్చుకునే ముందు ఈ సంగతి కాస్త ఆలోచిస్తే మంచిది.

పిల్లల దారి ఇంకోటుంది. 12 నుంచి 18 ఏళ్లవారికి 1962లో వచ్చిన ఇంటరాక్ట్, ఆపై వయసువారికి 1968లో వచ్చిన రోటరాక్ట్. యువ నాయకత్వ శిబిరాలు (రైలా) ఆస్ట్రేలియాలో 1959లో మొదలై 1971లో రోటరీ కార్యక్రమమయ్యాయి. కేంద్రీయ విద్యాలయం ఉన్న దోణిమలైలో ఇలాంటి శిబిరానికి పిల్లలు దొరకరన్న మాటే లేదు. తండ్రి బదిలీతో పిల్లలూ వెళ్లిపోతారు నిజమే. వెళ్లిన చోట ఓ సంఘాన్ని నడపగలిగితే ఈ ఊరికి వచ్చిన నష్టమేంటి?

* పోలియో చెప్పిన రుజువు

శిక్షణతో ఒరిగేదేంటని అడిగేవారికి చూపించడానికి ఒక ఉదాహరణ ఉంది. 1985లో రోటరీ పోలియో నిర్మూలనను తలకెత్తుకుంది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో జాతీయ కార్యక్రమమైంది. చుక్కలు వేసింది ప్రభుత్వ సిబ్బంది, ఆరోగ్య కార్యకర్తలు. ఊరూరా క్లబ్బులు చేసింది బూతుల దగ్గర నిలబడటం, బ్యానర్లు కట్టడం, బండ్లు సమకూర్చడం, రానివాళ్ల ఇంటికెళ్లి బతిమాలడం. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైనదే దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది.

1985 నుంచి 2014 దాకా లెక్కిస్తే ఒక్కో క్లబ్బులో దాదాపు 29 మంది అధ్యక్షులు మారారు. ఏ ఒక్కరూ ‘ఇది పాత అధ్యక్షుడి పథకం, నాది వేరే’ అని పక్కన పెట్టడానికి వీల్లేకపోయింది. ప్రతి ఏడాదీ శిక్షణలో అదే పని మళ్లీ చెప్పారు, మళ్లీ అప్పగించారు. మిగతా పనుల్లో ఈ కొనసాగింపు కనిపించదు. ఒకాయన మొక్కలు నాటిస్తాడు, తర్వాతాయన కుట్టుమిషన్లు పంచుతాడు, మొక్కలకు నీళ్లు పోసేవాడు ఉండడు. సొంత పథకం, సొంత పేరు, శిలాఫలకం మీద సొంత అక్షరాలు... ఏడాది పదవికి ఉన్న జబ్బు ఇదే.

కొవిడ్ వచ్చిన 2020లో సభలన్నీ ఆగి, శిక్షణ ఫోను తెరమీదికి మారింది. దానివల్ల పోయింది పోగా, ఒక మేలు మిగిలింది. షిఫ్టు దిగి వచ్చిన ఉద్యోగి ప్రయాణ ఖర్చు లేకుండా రాత్రి తొమ్మిదికి పాఠం వినొచ్చని తేలింది. బదిలీ అయిన పాత కార్యదర్శిని కిరండూల్ నుంచే కూర్చోబెట్టి కొత్తాయనకు అప్పగింతలు చేయించవచ్చని కూడా.

ఆ అప్పగింతల జాబితా మరీ పొడుగేం కాదు. మినిట్స్ పుస్తకం, సభ్యుల జాబితా, పాస్‌బుక్కు, వాడిన, వాడని చెక్కుపుస్తకాలు, రసీదు పుస్తకాల వరస సంఖ్యలు, ఆడిట్ అయిన లెక్క, పాన్ కార్డు, రిజిస్ట్రేషన్ కాగితాలు, బాకీలు, రావాల్సినవి, సగంలో ఉన్న పనులు, వాటిని చూసే మనుషుల ఫోను నంబర్లు, వెబ్‌సైటు ఖాతాల వివరాలు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఇద్దరూ తేదీ వేసి సంతకం చేయాలి. జూన్ ఆఖరి వారంలో ఓ సాయంత్రం, టీ తాగుతూ రెండు గంటల్లో అయిపోయే పని. పదవీ ప్రమాణానికి హాలు బుక్ చేసే రోజే దీనికీ ఓ తేదీ రాసుకుంటే సరి.